తైవాన్‌లో స్టేజ్ డిజైన్ చదువుతానంటున్నాడు, పంపమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి బీఆర్క్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. తైవాన్ వాళ్ల నృత్య ప్రదర్శన వీడియో ఒకటి చూశాడు. స్టేజీ నిండా టన్నులకొద్దీ ధాన్యం పోసి ఆడారట. అప్పట్నుంచి తైవాన్ వెళ్లి స్టేజ్ డిజైన్‌లో మాస్టర్స్ చేస్తానని పట్టుబట్టాడు. వాళ్ల నాన్న కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదవమంటున్నారు. తైవాన్ అంటే చైనాయే కదా, వాళ్ల సంస్కృతి నేర్చుకొచ్చి ఇక్కడ ఏం చేస్తాడు? ధాన్యం తొక్కే నాటకం కోసం అంత దూరం పంపాలా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది. వాళ్ల నాన్నకు ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, కడప జిల్లా

జవాబు: అమ్మా, ముందు ధాన్యం సంగతి చెబుతాను. గింజ కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం, మీకు కష్టం అనిపించడం సహజమే. మీ అబ్బాయి చూసింది క్లౌడ్ గేట్ అనే బృందం 1994లో చేసిన 'సాంగ్స్ ఆఫ్ ది వాండరర్స్' అయి ఉంటుంది. అందులో బౌద్ధ భిక్షువు వేషంలో ఒకాయన చేతులు జోడించి, కదలకుండా నిలబడతాడు. సుమారు గంటన్నరసేపు ఆయన తల మీద ధాన్యం సన్నటి ధారగా పడుతూనే ఉంటుంది. ప్రదర్శన మొత్తానికి వాడేది మూడున్నర టన్నులు. ఆఖర్న ఒక్క మనిషి దంతె పట్టుకుని ఆ గింజలను వలయాలు వలయాలుగా సర్దుతూ ఉండిపోతాడు. ఒక్కసారి మీరూ అబ్బాయి పక్కన కూర్చుని చూడండి. నాకైతే అందులో తొక్కడం కనిపించలేదు, తలంబ్రాలు గుర్తొచ్చాయి.

ఆ ప్రదర్శనను రూపొందించిన లిన్ హ్వాయ్‌మిన్‌కు దాని ఊహ కలిగింది మన బుద్ధగయకు వచ్చి వెళ్లాక. అందులోని పాటలు జార్జియా దేశపు జానపదాలు. ఊహ పుట్టింది మన దేశంలో, పాటలు ఇంకెక్కడివో. అయినా చూసినవాళ్లు దాన్ని తైవాన్ ప్రదర్శన అనే అంటారు. వరి పండించే ద్వీపంలో పెరిగినవాళ్లకే ఆ కథను ధాన్యంతో చెప్పాలని తోస్తుందని నాకనిపిస్తుంది. ఇలాంటిది చేయగలిగినవాడే మంచి స్టేజ్ డిజైనర్. మీ అబ్బాయిని ఆ వీడియోలో పట్టి లాగింది కూడా ఇదేనని నా అనుమానం.

తైవాన్ అంటే చైనాయే కదా అని అడిగారు. అక్కడి నాటకరంగం వందేళ్లుగా తేల్చుకోవడానికి తంటాలు పడుతున్న ప్రశ్న ఇదే, కాబట్టి దీనికి కాస్త వివరంగా చెప్పాలి. 1895 నుంచి 1945 వరకు ఆ ద్వీపం జపాన్ పాలనలో ఉంది. యీలాన్ ప్రాంతంలో పుట్టిన గజాయ్‌షీ అనే పాటల నాటకం వాళ్ల సొంతం, గుళ్ల ముందు ఆడేది. యుద్ధ కాలంలో జపాన్ ప్రభుత్వం అందరినీ జపనీయులుగా మార్చాలని పూనుకుని ఇలాంటి నాటకాలను అణిచేసింది. బృందాలు ఆట మానుకోకుండా వేషం మార్చాయి. కిమోనోలు తొడిగారు, జపాన్ కత్తులు పట్టుకున్నారు, పాశ్చాత్య వాద్యాలు వాయించారు. యుద్ధం అయిపోయాక కూడా ఆ కలగాపులగం పోలేదు. తళుకుల గౌన్లు, సమురాయ్ కత్తులు, పాత రాగాలు అన్నీ కలిసిన శైలిని వాళ్లు 'ఓపెలా' అంటారు. 'ఒపెరా' అనే మాటను జపనీయులు పలికిన తీరు నుంచి వచ్చిన పేరది. బతకడం కోసం వేసుకున్న వేషం చివరికి వాళ్ల సొంత ముఖమైపోయింది. కాస్ట్యూమ్ డిజైన్ విద్యార్థికి ఇంతకన్నా పెద్ద పాఠం నాకు తెలీదు.

తర్వాత చైనా ప్రధాన భూభాగం నుంచి వచ్చిన ప్రభుత్వం 1949 నుంచి 1987 వరకు సైనిక చట్టం కింద పాలించింది. పెకింగ్ ఒపెరా అనే చైనా సంగీత నాటకాన్ని జాతీయ నాటకంగా నిలబెట్టింది. సైన్యంలోనే ఆ బృందాలు ఉండేవి. స్థానిక భాషలో ఆడేవాటికి ఆ గౌరవం దక్కలేదు. 1970లో టీవీలో మొదలైన, చేతికి తొడిగి ఆడించే బొమ్మలాట సీరియల్‌కు జనం ఎంతగా అతుక్కుపోయారంటే, పొలం పనులకూ ఫ్యాక్టరీ పనులకూ అడ్డమవుతోందని 1974లో దాన్ని ఆపించేశారు. క్లౌడ్ గేట్ 1978 డిసెంబరు 16న జియాయీ పట్టణంలో 'లెగసీ' మొదటిసారి ప్రదర్శించింది. సముద్రం దాటి ఆ ద్వీపానికి వలస వచ్చిన పూర్వీకుల కథ అది. పెద్ద తెల్ల బట్ట ఒకటే అలలవుతుంది, తెరచాప అవుతుంది. తైవాన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంటున్నామని అమెరికా ప్రకటించింది సరిగ్గా ఆ రోజే. ఇక మాకెవరూ లేరని బెంగపడిన జనం ఆ సాయంత్రం తమ తాతముత్తాతలు సముద్రం దాటడం చూశారు. ఒక్క బట్ట చేసిన పని అది. మనం ఎవరం అనే ప్రశ్నకు జవాబు మాటల్లో దొరకనప్పుడు బట్టతో, గింజతో, వెలుగుతో చెప్పడం వాళ్లు అలా నేర్చుకున్నారు.

మీ అబ్బాయి ఆర్కిటెక్చర్ విద్యార్థి కాబట్టి కట్టడాల గురించి ఒక మాట. తైపేలో 1987లో తెరిచిన నేషనల్ థియేటర్ చైనా రాజభవనాల పైకప్పుతో ఉంటుంది. కావ్‌షుంగ్‌లో 2018లో తెరిచిన వెయ్‌వూయింగ్ కళాకేంద్రానికి మాత్రం అక్కడి మర్రి చెట్లే ఊహ. ఒకప్పుడు సైనిక శిక్షణ శిబిరం ఉన్న చోట, ఊళ్లోవాళ్లు ఎవరైనా వచ్చి కూర్చునేలా కట్టారు. ముప్ఫై ఏళ్లలో ఆ సమాజం తన గురించి తాను అనుకునేది ఎంత మారిందో ఈ రెండు పైకప్పులు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు చదువు సంగతి. ఈ రంగానికి తైవాన్ చిన్న చోటేమీ కాదు. స్టేజ్ డిజైనర్ల అంతర్జాతీయ సంస్థ ఒయిస్టాట్ 1968లో ప్రాగ్‌లో పుట్టింది, 2006 నుంచి దాని ప్రధాన కార్యాలయం తైవాన్‌లోనే ఉంది. ఆ సంస్థ నడిపే అంతర్జాతీయ ప్రదర్శన, వరల్డ్ స్టేజ్ డిజైన్, 2017లో తైపేలో జరిగింది. తైపే నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్‌లో ఈ సబ్జెక్టుకు విడిగా ఒక డిపార్ట్‌మెంటే ఉంది. వాళ్ల నాన్నగారికి పనికొచ్చే ఉదాహరణ ఒకటుంది. ఆ ధాన్యం ప్రదర్శనకు వేదిక డిజైన్ చేసిన ఆస్టిన్ వాంగ్, 2022లో తైపే పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్ తెరిచినప్పుడు దానికి సీఈఓ.

అయితే అమ్మా, అబ్బాయి ఈ ఏడాదే అప్లై చేస్తానంటే నేను వద్దంటాను. కారణం భాష. అక్కడ నాటక డిజైన్ తరగతులు ప్రధానంగా మాండరిన్ చైనీస్‌లోనే నడుస్తాయి. పుస్తకం చదివి పాసయ్యే సబ్జెక్టు కాదిది. రిహార్సల్‌లో దర్శకుడు విసుక్కుంటూ ఏమన్నాడో, నిచ్చెన మీదున్న లైట్‌మ్యాన్ ఏం అడిగాడో అక్కడికక్కడే అర్థం కావాలి. ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చని ఒక కన్సల్టెన్సీ చెప్పిన మాట నమ్మి వెళ్లిన కుర్రాడొకడు తర్వాత నా దగ్గరికి వచ్చాడు. తెలివైనవాడే, కానీ ఒక్క ప్రొడక్షన్‌లోనూ గట్టి బాధ్యత దొరకక నలిగిపోయాడు. మీ అబ్బాయికి అలా కాకూడదు. హైదరాబాద్‌లోని విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో చైనీస్ నేర్పుతారు. మన దగ్గర ఎక్కువగా నేర్పేది సరళం చేసిన లిపి, తైవాన్‌లో వాడేది పాత సంప్రదాయ లిపి. మొదటి రోజు నుంచే ఆ లిపి అలవాటు చేసుకోమనండి. వాళ్ల భాషా పరీక్ష పేరు టాక్‌ఫుల్. భాష కోసమే తైవాన్ విద్యాశాఖ ఇచ్చే హ్వాయూ స్కాలర్‌షిప్ విడిగా ఉంది, డిగ్రీకి తైవాన్ స్కాలర్‌షిప్ ఉంది. భారత్‌కు తైవాన్‌తో అధికారిక దౌత్య సంబంధాలు లేవు కాబట్టి ఎంబసీ ఉండదు. ఢిల్లీ, చెన్నైల్లోని తైపే ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్లే ఈ పనులన్నీ చూస్తాయి. దరఖాస్తులు సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో తీసుకుంటారు.

ఇంకో లోటు కూడా ఉంది. అబ్బాయి మన నాటకం ఎంత చూశాడు? 1885లో సురభి పుట్టింది మీ కడప జిల్లాలోనే. చేత్తో గీసిన తెరలు, తీగల మీద గాల్లోకి లేచే పాత్రలు, నిమిషాల్లో మారే దర్బారు – ఇదంతా స్టేజ్ డిజైనే కదా! నిమ్మలకుంటకు వెళ్లి తోలుబొమ్మ ఎలా తయారవుతుందో చూడమనండి. మన బొమ్మలు నిలువెత్తు ఉంటాయి. తోలు గుండా దీపం వెలుగు వచ్చినప్పుడు రంగు ఎలా మారుతుందో గమనిస్తే లైటింగ్‌లో సగం పాఠం అక్కడే వచ్చేస్తుంది. తైవాన్ దక్షిణాన కావ్‌షుంగ్ వైపు కూడా తోలుబొమ్మలాట ఉంది, దానికో మ్యూజియం కట్టుకున్నారు. ఇంటర్వ్యూలో వాళ్లు తమ సంస్కృతి గురించి ఇతనికి ఎంత తెలుసో చూస్తారనుకోను. నీ చేతిలో ఏముంది అని అడుగుతారు. నిమ్మలకుంటలో నెల రోజులు కూర్చుని గీసిన స్కెచ్‌లు, సురభి తెరల వెనక తీసుకున్న కొలతలు, 1:25 స్కేల్‌లో చేసిన రెండు మూడు సెట్ మోడళ్లు ఉంటే పోర్ట్‌ఫోలియో బరువే వేరు. బీఆర్క్ వల్ల మోడల్ చేయడం ఎలాగూ వచ్చు.

ఉద్యోగం గురించి దాచకుండా చెబుతాను. కేవలం నాటకాల డిజైన్‌తో తెలుగు రాష్ట్రాల్లో ఇల్లు గడవడం కష్టం. సినిమా, ఓటీటీ ఆర్ట్ డిపార్ట్‌మెంట్లు, మ్యూజియం ప్రదర్శనలు, పెద్ద ఈవెంట్లు, కచేరీ లైటింగ్ – ఈ పనులు కలుపుకుంటే గడుస్తుంది. తైవాన్‌లో చదివిన విదేశీయులకు పాయింట్ల పద్ధతిలో వర్క్ పర్మిట్ దొరికే వీలుంది, భాష వస్తే అందులోనూ కలిసొస్తుంది. కానీ డిజైనర్లు చాలామంది ఒక్కో ప్రదర్శనకు ఒప్పుకుని పనిచేసే ఫ్రీలాన్సర్లు. ఆ పాయింట్ల పద్ధతి పర్మిట్‌కు మాత్రం ఒక యజమాని ఉండాలి. అక్కడే స్థిరపడతాడన్న లెక్కతో మాత్రం అప్పు చేయకండి.

కాబట్టి వాళ్ల నాన్నగారితో ఇలా అనండి: డిగ్రీ అయ్యాక ఒక్క ఏడాది ఇద్దాం. ఆ ఏడాదిలో మాండరిన్ పరీక్ష రాయాలి, ఏదో ఒక నాటక బృందంలో కనీసం మూడు ప్రదర్శనలకు తెర వెనక పనిచేయాలి, పోర్ట్‌ఫోలియో తయారుకావాలి. స్కాలర్‌షిప్ వస్తే తైవాన్. రాకపోతే ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది, మూడేళ్ల కోర్సులో డిజైన్, డైరెక్షన్ ప్రత్యేకంగా తీసుకోవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ ఉంది. మూడు ప్రదర్శనలు పూర్తికాకముందే విసుగొస్తే కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ ఎక్కడికీ పోదు, మరుసటి ఏడాది చేరొచ్చు. బీఆర్క్ పట్టా మాత్రం మధ్యలో వదలనివ్వకండి.