నల్లజాతి ప్రచురణకర్తలకు అండ ఎవరు?

ప్రశ్న: అమెరికాలో నల్లజాతివారు సొంతంగా పత్రికలు, ప్రచురణ సంస్థలు నడిపారని చదివాను. బ్యాంకులు అప్పివ్వని రోజుల్లో వారికి పెట్టుబడి ఎక్కడిది? ఎవరు ఆదుకున్నారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అన్నిటికంటే ముందు పాఠకులే ఆదుకున్నారు. షికాగోలో ఒక బీమా సంస్థ ఉద్యోగి అయిన జాన్ హెచ్. జాన్సన్ 1942లో 'నీగ్రో డైజెస్ట్' మాసపత్రిక తలపెట్టినప్పుడు బ్యాంకు మొండిచెయ్యి చూపింది. తల్లి ఇంటి సామాను తాకట్టు పెట్టి తెచ్చిన 500 డాలర్లతో ఆయన ఆ సంస్థ పాలసీదారులు 20,000 మందికి ఉత్తరాలు పంపారు. ఇంకా అచ్చుకాని పత్రికకు 2 డాలర్ల చందా ముందే కట్టమని అడిగితే 3,000 మంది కట్టారు.

అయితే డబ్బు సమకూరినంత మాత్రాన పత్రిక దుకాణానికి చేరదు. నల్లవారి పత్రికలు అమ్ముడుపోవంటూ పంపిణీదారు నిరాకరించగా, జాన్సన్ మిత్రులు దుకాణాలు తిరుగుతూ 'నీగ్రో డైజెస్ట్ ఉందా?' అని పదేపదే అడిగారు, వచ్చిన ప్రతులను వారే కొన్నారు. గిరాకీ చూసి పంపిణీదారు దిగివచ్చాడు. ఇది తప్పని కొందరు అనవచ్చు. తలుపులన్నీ మూసిపెట్టిన వ్యాపారంలో ఆయనకు వేరే దారి లేదనే నేను నమ్ముతాను. 1945లో ఆయన ప్రారంభించిన 'ఎబొనీ' పత్రికను జనం ఎగబడి కొన్నా, అచ్చు ఖర్చును పూడ్చే ప్రకటనలు పెద్ద కంపెనీలు మొదట్లో ఇవ్వకపోవడంతో అమ్మకం పెరిగేకొద్దీ నష్టమే పెరిగింది.

పుస్తకాల రంగంలో రచయితలూ తోడు నిలిచారు. డెట్రాయిట్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసే కవి డడ్లీ రాండల్ 1965లో తన జీతంలోంచి 12 డాలర్లు తీసి, ఒక్కో కవితను ఒక్కో కాగితంపై అచ్చువేసి అమ్మడంతో బ్రాడ్‌సైడ్ ప్రెస్ మొదలైంది. పులిట్జర్ బహుమతి పొందిన తొలి నల్లజాతి రచయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్, పెద్ద ప్రచురణ సంస్థ చేతిలో ఉండగానే, 1969లో తన కవితల పుస్తకాన్ని ఆయనకిచ్చారు. అంతటి ఆదరణ ఉన్నా 1970ల మధ్యనాటికి బ్రాడ్‌సైడ్ ప్రెస్ ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. ముద్రాపకుడికి డబ్బు వెంటనే కట్టాలి, దుకాణాలకు పుస్తకాలు అరువుపై ఇవ్వాలి, అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోవాలి. చిన్న ప్రచురణకర్త నడుము విరిచేది ఎక్కువగా ఈ లెక్కే.

1978లో బాల్టిమోర్‌లో బ్లాక్ క్లాసిక్ ప్రెస్ స్థాపించిన పాల్ కోట్స్ ఈ చిక్కుకు ఒక మార్గం వెతికారు. 1995లో ఆయన డిజిటల్ ముద్రణ విభాగం నెలకొల్పి, అవసరమైనన్ని ప్రతులే వేసుకుంటూ, ఇతరుల పుస్తకాలు కూడా ముద్రించి ఆదాయం సంపాదించారు. పేరుమోసిన డిటెక్టివ్ నవలాకారుడు వాల్టర్ మోస్లీ, పెద్ద సంస్థలు తన రచనల కోసం ఎదురుచూస్తున్న దశలోనే, ఒక నవలను ఆయనకు అప్పగించగా అది 1997లో వెలువడింది.