బరువు తగ్గితే టైమింగ్ వస్తుందా?

ప్రశ్న: మేడమ్ గారూ, మా పాపకు 17 ఏళ్ళు. ఇంటర్ చదువుతూ మూడు వేల మీటర్లు పరిగెత్తుతుంది. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. నిరుడు 53 కిలోలుండేది. పొడుగు మనిషివి, బరువు తగ్గితేనే టైమింగ్ వస్తుందని ఎవరో చెప్పినప్పటి నుంచి రాత్రి సంగటి మానేసింది. ఇప్పుడు 48. మొదట టైమింగ్ బాగానే వచ్చింది, ఇప్పుడు మళ్ళీ వెనకబడింది. మూడు నెలలుగా నెలసరి లేదు. మోకాలి కింద ఎముక నొప్పంటోంది. అడిగితే, రన్నర్లకు ఇవన్నీ మామూలే అంటుంది. నిజమేనా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: మామూలు కాదమ్మా. ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. అంతవరకూ పరుగు ఆపించండి.

బరువుకూ పరుగుకూ సంబంధం లేదని నేననను. ప్రతి అడుగుకూ ఒంటిని ఎత్తి ముందుకు వెయ్యాలి కదా. అందుకే రన్నర్ల దమ్మును కిలో బరువుకు ఇన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ అని లెక్కేస్తారు. మన సీమ ఎండల్లో చిన్న ఒళ్ళు తొందరగా చల్లబడుతుంది కూడా. కానీ ఆ ఎత్తుకు 53 కిలోలంటే తగ్గించడానికి మిగులు కొవ్వే లేదు. తిండి మానితే పోయేది కండ. దాంతోపాటు దమ్మూ పోతుంది. మొదట్లో బరువు తగ్గినా బలం ఇంకా ఉంటుంది, టైమింగ్ వస్తుంది. పిల్లలు నమ్మేసేది అక్కడే. కర్నూలు గ్రౌండులో నేను నేర్పిన ఆడపిల్లల్లోనూ ఇది చూశాను, చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

పొడుగు తప్పేమీ కాదు. 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించిన బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. ఆడవాళ్ళలో ఆ ప్రపంచ రికార్డు పదహారేళ్ళు నిలిచింది. సన్నటి పిక్కలున్నవాళ్ళకు కాలు విసరడం తేలికే, అయితే అది పుట్టుకతో రావాలి, పస్తులుంటే రాదు.

చేసే కష్టానికి తిండి చాలనప్పుడు ఒళ్ళు నెలసరిని ఆపేసుకుంటుంది. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ పడిపోయి ఎముక పలచబడుతుంది, అదీ ఎముక గట్టిపడాల్సిన వయసులో. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్, అంటే ఆటల్లో ఒంటికి శక్తి చాలకపోవడం, అని పేరు పెట్టింది. మగపిల్లలకూ వస్తుంది.

పాపను మంచం మీద కూర్చోబెట్టి, ఆ ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో మెల్లగా నొక్కుతూ రండి. జానెడు పొడుగునా సలుపుతుంటే అలసట కావచ్చు. ఒక్కచోటే ప్రాణం పోయినట్టు ఉంటే ఎముక చిట్లిందేమోనని అనుమానించాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది. హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్షలు కూడా చేయమని అడగండి.

సంగటి ఈ రాత్రికే మళ్ళీ పెట్టండి, పప్పు, గుడ్డు తోడుగా. మళ్ళీ ప్రాక్టీసు మొదలయ్యాక, గ్రౌండు నుంచి రాగానే గుప్పెడు చెనిక్కాయలు, బెల్లం ముక్క చేతిలో పెట్టండి. నెలసరి ఎప్పుడు ఆగిందో, ఎన్ని కిలోలు తగ్గిందో కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి మీరే వెంట వెళ్ళండి. పిల్లలు కాలునొప్పి చెప్తారు గానీ నెలసరి సంగతి చెప్పరు.