శాటిలైట్ ఉండగా కెల్ప్ అడవుల్ని మనుషులు లెక్కపెట్టడం ఎందుకు?

1984 నుంచి ల్యాండ్‌శాట్ అనే శాటిలైట్ల ఫోటోలు ఉన్నాయి కదా, కాలిఫోర్నియా తీరంలో కెల్ప్ (పెద్ద సముద్రపు నాచు) అడవులు ఎంత తగ్గాయో చెప్పడానికి వలంటీర్లు ఇంకా నీళ్లలో మునగడం దేనికని ఒకరు అడిగారు. నేనుండేది బే ఏరియాలో. సముద్రం అడుగున జీవుల్ని లెక్కపెట్టే రీఫ్ చెక్ సంస్థ తరఫున ఆ మునిగే వాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి గట్టిగానే చెప్తాను: శాటిలైట్‌కి కనిపించేది నీటి మీద తేలే ఆకులు మాత్రమే. అసలు కథంతా అడుగున జరుగుతుంది.

ఉత్తర కాలిఫోర్నియాలోని మెండొసీనో తీరంలో చేసిన ఒక సర్వే సంగతి చెప్తాను. అక్కడ ఎండాకాలంలో కూడా నీళ్లు పది, పన్నెండు డిగ్రీలే. మందపాటి సూటు వేసుకున్నా మెడ వెనక నుంచి నీళ్లు దిగగానే ఒళ్లు జివ్వుమంటుంది. అడుగున 30 మీటర్ల టేపు పరిచి, దాని వెంబడి రెండు మీటర్ల వెడల్పులో కనిపించినవన్నీ ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ పోవాలి. ఏ జీవైనా 50కి చేరితే దాని లెక్క ఆపేసి, ఎన్నో మీటరు దగ్గర ఆగామో రాస్తాం. ఆ రోజు కెల్ప్‌ని కొరికి తినే ఊదారంగు సీ అర్చిన్ల (ముళ్ల బంతుల్లాంటి జీవుల) లెక్క రెండో మీటరు రాకముందే అయిపోయింది. మిగతా టేపు పొడవునా అలల ఊపుకి ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ వెళ్లాను. ఎక్కడ చూసినా అవే ముళ్లు, రాళ్ల మీద అంటుకున్న గులాబీ రంగు పొర. ఒకచోట కెల్ప్ తిని బతికే అబలోన్ అనే పెద్ద సముద్రపు నత్త ఖాళీ చిప్ప వెల్లకిలా పడి ఉంది. పలక మీద కెల్ప్ గడిలో సున్నా వేశాను. ఆ సున్నా రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

సోనోమా, మెండొసీనో తీరాల్లో 2014 తర్వాత బుల్ కెల్ప్ అనే రకం తొంభై శాతానికి పైగా పోయిందని శాటిలైట్ చెప్పింది, నిజమే. ఎందుకు పోయిందో చెప్పిందా? 2013లో సీ స్టార్లకి (నక్షత్ర చేపలకి) వ్యాధి తగిలి, వాటిలో అర్చిన్లని తినే సన్‌ఫ్లవర్ స్టార్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ వెంటనే సముద్రం వేడెక్కింది. దక్షిణాన మాంటెరేలో అర్చిన్లని తినడానికి సీ ఆటర్లు (సముద్రపు నీటికుక్కలు) ఉన్నాయి, ఇక్కడ అవీ లేవు. తిండి లేక అబలోన్లు చచ్చిపోతుంటే 2018లో వాటి వేటే మూసేశారు. అర్చిన్లు మాత్రం లోపల ఏమీ లేని డొల్లలుగా మారి కూడా ఏళ్ల తరబడి బతుకుతాయి. కొత్త మొక్క మొలిస్తే చాలు, కొరికేస్తాయి. ఇదేదీ పైనుంచి కనిపించదు. రీఫ్ చెక్ వాళ్లు 2006 నుంచే, అంటే అంతా బాగున్నప్పటి నుంచే లెక్కపెడుతున్నారు కాబట్టి ముందు ఎంత ఉండేదో ఇవాళ చెప్పగలుగుతున్నాం.

నాకు ఒళ్లు మండేది డ్రోన్ ఫోటోల విషయంలో. బుల్ కెల్ప్ ఏడాది మొక్క. ఒక ఏడు నీళ్లు కాస్త చల్లబడితే పైన కాస్త తేలుతుంది. అంతే, 'కెల్ప్ తిరిగొచ్చింది' అని ఫోటో పెట్టేస్తారు. కింద అర్చిన్లు ఎన్నున్నాయో ఎవరూ అడగరు. దానికి తోడు సముద్రం పోటు మీదున్నప్పుడు, ప్రవాహం లాగినప్పుడు ఆకులు నీళ్లలోకి దిగిపోతాయి, పొగమంచు రోజుల్లో శాటిలైట్‌కి అసలేమీ దొరకదు. మా తెలుగు ఫ్రెండ్సేమో 'శనివారాలు పాడుచేసుకుని లెక్కపెడుతున్నావు, డబ్బులేమైనా ఇస్తారా?' అంటారు. పిల్లల్ని ఆ తీరానికే పిక్నిక్‌కి తీసుకెళ్తారు, నీళ్ల కింద ఏముందో మాత్రం పట్టదు. అదే నాకు బాధ.

శాటిలైట్ వద్దని నేననను. కెల్ప్‌వాచ్ సైట్‌లో ఆ లెక్కలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీరు ఇవాళే అందులో మెండొసీనో తీరం తెరిచి 2013, 2015 పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత అవే ఏళ్లకి డైవర్లు రాసిన అర్చిన్ల లెక్క, సీ స్టార్ల లెక్క వెతికి చదవండి.