పలుచని ల్యాప్‌టాప్‌లో మెకానికల్ ఇంజినీరుకు పనేమిటి?

ప్రశ్న: నేను గోదావరిఖనిలో, సింగరేణి భూగర్భ గనిలో పనిచేస్తున్నాను. మా అమ్మాయి వరంగల్‌లో బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం చదువుతోంది. మెకానికల్‌లో ఏముంది, వెంటనే సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమని బంధువులంతా అంటున్నారు. ఆమె మాత్రం ల్యాప్‌టాప్‌లు తయారుచేసే ఉద్యోగం చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం నిజంగా ఉంటుందా? చదువు కోసం పలుచని ల్యాప్‌టాప్ కావాలని కూడా అడుగుతోంది. డెబ్బై, ఎనభై వేలు చెబుతున్నారు. కొనమంటారా?

జవాబు: ఆ ఉద్యోగం ఉంది. అందులో మెకానికల్ చదివినవారు చేయాల్సిన పని బంధువులు అనుకుంటున్నదానికంటే చాలా ఎక్కువ.

2008 జనవరిలో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఒక కాగితం కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ అనే పలుచని ల్యాప్‌టాప్‌ను బయటకు తీసి చూపించారు. 2011లో చిప్‌ల కంపెనీ ఇంటెల్ ఇలాంటి పలుచని ల్యాప్‌టాప్‌లకు 'అల్ట్రాబుక్' అన్న పేరు ముందుకు తెచ్చింది. అప్పటినుంచి కంపెనీలన్నీ మందం తగ్గించడంలోనే పోటీపడ్డాయి. ఇప్పుడు వాడేవాళ్లను అడిగి చూడండి, ఇంకా పలుచగా కావాలనేవారు తక్కువ. ఒళ్లో పెట్టుకుంటే కాలకూడదు, ఫ్యాను మోత పెట్టకూడదు, పొద్దున చార్జింగ్ పెడితే సాయంత్రం దాకా రావాలి, మీటలు ఇరుక్కోకూడదు, పాడైతే విప్పి బాగుచేసుకునే వీలుండాలి అంటారు. ఇందులో కోడ్ రాస్తే తీరే కోరిక ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి.

వేడి సంగతి కొంచెం వివరంగా చెబుతాను. పోయిన వేసవిలో నా ల్యాప్‌టాప్ బాగుచేయించడానికి హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక దుకాణానికి వెళ్లాను. బల్ల మీద మరొకరి ల్యాప్‌టాప్ విప్పి ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో ఒక పత్తి అడ్తి గుమాస్తాదట, పది నిమిషాలు వాడితే చాలు ఆగిపోతోందట. మెకానిక్ చిన్న పటకారుతో ఫ్యాను పక్కనున్న రేకుల మధ్య నుంచి ఒక నల్లటి పీచు లాగాడు. వేలెడు పొడవు, అచ్చం దీపపు వత్తి. ఏడాదిగా గాలిలో తేలిన దూది, దుమ్ము కలిసి అక్కడ పేరుకున్నాయి. ఆ రేకుల మధ్య సందు మిల్లీమీటరు కంటే పెద్దదేమీ కాదు. అది మూసుకుపోతే వేడి బయటికి వెళ్లే దారి లేదు.

ఆ రేకులను అంటుకుని అగ్గిపుల్ల మందాన చదును చేసిన రాగి గొట్టం ఒకటుంటుంది. దాన్ని హీట్ పైప్ అంటారు. లోపల గాలి తీసేసి కొద్దిగా నీరు ఉంచుతారు. ల్యాప్‌టాప్‌ను నడిపే ప్రధాన చిప్, అంటే ప్రాసెసర్ వైపు ఆ నీరు వేడికి ఆవిరై చల్లటి చివరకు పోతుంది. అక్కడ వేడిని రేకులకు ఇచ్చి మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకు అంటించిన సన్నని సందులున్న రాగి పొర, వత్తి నూనెను పీల్చినట్టు, ఆ నీటిని పీల్చి వెనక్కి తెస్తుంది. కరెంటు లేదు, మోటారు లేదు. మీ అమ్మాయి చదివే థర్మోడైనమిక్స్ అంతా ఆ జానెడు గొట్టంలో ఉంది.

మిగిలిన సగం సంగతి మీకే బాగా తెలుసు. గనిలోకి గాలి వచ్చే దారి ఒకటి, పోయే దారి మరొకటి. దారి ఇరుకైతే అదే ఫ్యాను అంత గాలిని లాగలేదు. ల్యాప్‌టాప్‌లో ఆ దారి ఎత్తు కొన్ని మిల్లీమీటర్లే. ఫ్యాను చిన్నదైన కొద్దీ అంతే గాలి కోసం మరింత వేగంగా తిరగాలి, వేగం పెరిగితే మోత పెరుగుతుంది. అప్పటికీ చాలకపోతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఎనభై వేలు పెట్టి కొన్నవాడు, మొదటి పది నిమిషాలు బాగానే ఉంది, తర్వాత నత్తనడక అని వాపోయేది ఇందుకే. 2020 నవంబరులో ఆపిల్ ఫ్యాను లేకుండానే ఎం1 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చింది. చిప్ తక్కువ కరెంటు తీసుకోవడం వల్ల అది సాధ్యమైంది. అయినా భారీ పని చాలాసేపు చేయిస్తే అదీ నెమ్మదించేది.

ఒక అంకె చూడండి. మ్యాక్‌బుక్‌లు వాడటానికి తగిన బయటి ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ అని ఆపిల్ రాసింది. రామగుండం మే నెల మధ్యాహ్నాల గురించి మీకు నేను చెప్పాలా? ఏసీ లేని గదిలో, 43 డిగ్రీల్లో, దూది ఎగిరే ఊళ్లో పనిచేసే పలుచని ల్యాప్‌టాప్ మన ప్రాంతానికి కావాలి. ఆ అవసరం ఎలాంటిదో ఇక్కడ పుట్టి పెరిగిన ఇంజినీరుకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ విషయంలో మీ అమ్మాయికి అది పెద్ద బలం అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మిగతావీ ఇలాంటివే. మీటల మందం తగ్గించాలని ఆపిల్ 2015లో కొత్తరకం కీబోర్డు తెచ్చింది. దుమ్ము పడి మీటలు పనిచేయడం లేదన్న ఫిర్యాదులు పెరిగి, 2018లో ఉచితంగా బాగుచేసే పథకం పెట్టి, 2019 చివరి నుంచి ఆ పద్ధతినే వదులుకోవాల్సి వచ్చింది. తీసేసిన హెచ్‌డీఎంఐ పోర్టును (టీవీకి, ప్రొజెక్టరుకు వైరు కలిపే చోటు) 2021లో మ్యాక్‌బుక్ ప్రోలో మళ్లీ పెట్టారు. విమానంలో ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లే బ్యాటరీకి పరిమితి 100 వాట్ అవర్లు, కాబట్టి బ్యాటరీని పెంచుకుంటూ పోవడం కుదరదు. బోర్డుకు అతికించకుండా స్క్రూలతో బిగించే పలుచని మెమరీ (ర్యామ్) కూడా మార్కెట్లోకి వచ్చింది.

ఇక కష్టమైన సంగతి. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఈ ఉద్యోగాలు తక్కువ, మొదటి జీతమూ తక్కువే ఉండవచ్చు. పెద్ద బ్రాండ్ల ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా తైవాన్ కంపెనీల చేతుల్లో, చైనా ఫ్యాక్టరీల్లో తయారవుతున్నాయి. మన దేశంలో ల్యాప్‌టాప్‌లు, సర్వర్ల వంటి వాటి తయారీని ప్రోత్సహించడానికి కేంద్రం 2023లో 17,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. తమిళనాడు, పుదుచ్చేరిలలో ఫ్యాక్టరీలు ఉన్నాయి. అక్కడ మొదట దొరికేది ఎక్కువగా అసెంబ్లీ, నాణ్యత పరీక్షల పని. డిజైన్ పని బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉంటుంది. ల్యాప్‌టాప్ చిప్‌లు రూపొందించే ఏఎండీ, క్వాల్‌కామ్‌లకు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రాలు ఉన్నాయి. చిప్ వేడిని లెక్కగట్టడానికి మెకానికల్ ఇంజినీర్లు కావాలి. మీ అమ్మాయి చదివే వరంగల్ దగ్గరే, మడికొండ ఐటీ పార్కులో, ఇంజినీరింగ్ డిజైన్ సేవలు అందించే సైయంట్ 2020లో కేంద్రం తెరిచింది. ల్యాప్‌టాప్ ఉద్యోగం వెంటనే దొరక్కపోయినా వేడిని లెక్కగట్టే విద్య వృథా కాదు. విద్యుత్ వాహనాల బ్యాటరీలకు, డేటా సెంటర్లకు కూడా అదే కావాలి.

అందుకని ఫీజు కట్టి ఆమెను వేరే కోర్సులోకి లాగకండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి, లెక్కలకు పనికొస్తుంది. హీట్ ట్రాన్స్‌ఫర్, ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మార్కుల కోసం కాక అర్థమయ్యేదాకా చదవమనండి. డిజైన్ బొమ్మలు గీసే ఫ్రీక్యాడ్, గాలి ప్రవాహాన్ని లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లు ఉచితం, వేడినీ గాలినీ లెక్కగట్టే ఆన్సిస్‌కు విద్యార్థుల ఉచిత వెర్షన్ ఉంది. పాడైన పాత ల్యాప్‌టాప్ ఒకటి తక్కువ ధరకు తెచ్చి, విప్పి, వెర్నియర్‌తో కొలిచి, కంప్యూటర్‌లో దాని బొమ్మ తయారుచేసి, గాలి ఎటు పోతోందో లెక్కగట్టమనండి. ఇంటర్వ్యూలో పది సర్టిఫికెట్లకంటే ఆ ఒక్క పని ఎక్కువ మాట్లాడుతుంది. తర్వాత గేట్ రాసి థర్మల్ విభాగంలో ఎంటెక్ చేయడం మంచిది, డిజైన్ ఉద్యోగాలకు అది తలుపు తెరుస్తుంది. అచ్చులు, పనిముట్ల తయారీ మీద ఇష్టం ఉంటే బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను కూడా చూడవచ్చు. నమూనా తయారుచేసే దశకు వస్తే హైదరాబాద్‌లో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది.

ల్యాప్‌టాప్ కొనాలా అన్నారు. కొనండి, కానీ అన్నిటికంటే పలుచనిది వద్దు. ఆమె నడిపే డిజైన్ సాఫ్ట్‌వేర్ గంటల తరబడి ప్రాసెసర్‌ను వేడెక్కిస్తుంది. ఫ్యాను ఉన్నది, 16 జీబీ ర్యామ్ ఉన్నది, వీలైతే తర్వాత ర్యామ్ పెంచుకునేది చూడండి. కాస్త మందం ఎక్కువైనా ఫర్వాలేదు. ఆ బ్రాండ్ సర్వీసు కేంద్రం హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఉందో లేదో డబ్బు కట్టకముందే తెలుసుకోండి. అప్పు చేసి మాత్రం కొనకండి. ఈ ఏడాదికి కాలేజీ ల్యాబ్ సరిపోతుంది.

ఆమె ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఒక కాగితం మీద మీ గని బొమ్మ గీయండి. గాలి ఎక్కడ లోపలికి వస్తుందో, ఎక్కడ తలుపులు కట్టి మళ్లిస్తారో, గాలి ఆడకపోతే ఆ సంగతి మీకు ముందుగా ఎక్కడ తెలుస్తుందో చెప్పండి. ఆ ల్యాప్‌టాప్ ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు ఆ కాగితం ఆమె పక్కన ఉండాలి.