చేతిలో పదా, స్టాండు మీద పదిహేనా?

ప్రశ్న: అమెరికాలోని అరిజోనాలో కౌస్ జింకల (అక్కడి చిన్నరకం తెల్లతోక జింకల) వేటకు లైసెన్సు తీసుకున్నాను. నా 10×42 బైనాక్యులర్స్ (10 రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) సరిపోతాయా, 15×56 కొనాలా?

జవాబు: ముందు ఉన్నదాన్నే ట్రైపాడ్ (మూడుకాళ్ల స్టాండు) మీద పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. చేత్తో పట్టుకుంటే బొమ్మతో పాటు వణుకూ పెద్దదవుతుంది. 15 రెట్లయితే జింక చెవి కదిలిందో, మీ చెయ్యి కదిలిందో పోల్చుకోలేరు. చాలా మోడళ్లలో రెండు గొట్టాలను కలిపే బందుకు ముందువైపు చిన్న మూత ఉంటుంది. దాన్ని విప్పి, ట్రైపాడ్‌కు కలిపే అడాప్టర్ బిగించాలి. ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లాగొద్దు, గాలికి ఊగుతుంది. కాళ్లు కురచ చేసి కూర్చునే చూడండి. ఎదుటి కొండవాలును గంటలకొద్దీ గాలించే పనైతే 15×56 కొనండి, తప్పులేదు. నడకలో మాత్రం మెడలో 10×42 ఉండాల్సిందే. మసకవెలుతురులోనూ అదే కాస్త మేలు: కంటికి చేరే వెలుగు కట్ట వెడల్పు 10×42లో 4.2 మిల్లీమీటర్లు, 15×56లో 3.7.