స్పారింగ్‌ల కంటికి దెబ్బ తగిలినంక మెరుపులు కనిపిస్తున్నయంటే
అక్కా, కిక్‌బాక్సింగ్ స్పారింగ్‌ల, అంటే ప్రాక్టీసుకు ఇద్దరు కొట్టుకునేటప్పుడు, మీ బాబు ఎడమకంటికి గుద్దు తగిలి మూడు రోజులైంది, వాపు తగ్గింది గానీ నల్లమచ్చలు తేలుతున్నయి, మెరుపులు కొడుతున్నయి, ఆదివారం పోటీకి పంపాల్నా అని అడిగినవ్ కదా. అస్సలు పంపకు. వాపు పోతే కన్ను మంచిగైనట్టు కాదు, గుద్దు పడ్డప్పుడు కనుగుడ్డు లోపటికి నొక్కుకపోయి పక్కలకు సాగుతది, అప్పుడు లోపలున్న జెల్లీ రెటీనాను, అంటే కంటి లోపల వెనక దిక్కున్న చూపు పొరను, గుంజి చింపొచ్చు, నొప్పి కూడ ఉండదు అందుకే మనోళ్లు పట్టించుకోరు. చిరుగు కాడనే దొరికితే లేజర్‌తోని అయిపోతది ఎక్కువసార్లు, పక్కకెల్లి పరదా పడ్డట్టు నీడ వచ్చిందంటే మాత్రం రెటీనా ఊడుతున్నట్టే, ఆపరేషన్ పడ్తది. షుగర్ రే లియోనార్డ్ అంత బాక్సర్ కూడ 1982ల ఎడమకంటి రెటీనాకు ఆపరేషన్ చేయించుకున్నడు.

ఇయ్యాల్నే నల్గొండల బస్సెక్కి హైదరాబాద్ తీస్కపో, మెహదీపట్నంల సరోజినీ దేవి కంటి దవాఖాన ఉంది, సర్కారుదే. కంటిపాప పెద్దగయ్యే చుక్కలేసి రెటీనా చూడమని నువ్వే అడుగు, ఆ చుక్కలేసినంక కొన్ని గంటలు మసకగుంటది, బాబును బండి నడపనియ్యకు. కన్ను రుద్దనియ్యకు. పసర్లు, తల్లిపాలు అసలే పోయనియ్యకు, మా దిక్కు ముసలోళ్లు ఇట్లనే పోస్తరు, నాకు శాన భయమైతది. డాక్టర్ సరే అనేదాంక గ్లౌజులు ముట్టనియ్యకు అక్కా, ఏమన్నరో రాత్రికి చెప్పు.