ఎస్‌ఓ-50, ఆర్‌ఎస్-44లలో డాప్లర్ సవరణ: ఏ నాబ్, ఎటు, ఎంత?

ఎస్‌ఓ-50, ఆర్‌ఎస్-44 అనే హామ్ రేడియో (ఔత్సాహిక రేడియో) ఉపగ్రహాల గురించి మీరు అడిగిన ప్రశ్నలో మూడు చిక్కులున్నాయి. గుంటూరులో మేడ మీద నుంచి ఎస్‌ఓ-50 వింటుంటే మొదట్లో బాగానే ఉండి, ఉపగ్రహం నడినెత్తికి వచ్చేసరికి మాట చెదిరిపోతోందన్నారు. ఆర్‌ఎస్-44 నుంచి తిరిగి రావాల్సిన మీ గొంతు మీకే దొరకట్లేదన్నారు. ఉపగ్రహం కదలిక లెక్కగట్టి రేడియోలను తిప్పే జిప్రెడిక్ట్ ప్రోగ్రామ్ కలిపాక, పంపే రేడియో ఎఫ్‌టి-817 ఫ్రీక్వెన్సీ ఒకవైపు, వినడానికి కంప్యూటర్‌కు తగిలించిన డాంగిల్ ఆర్‌టిఎల్-ఎస్‌డిఆర్ ఫ్రీక్వెన్సీ ఇంకోవైపు పోతున్నాయన్నారు. మూడింటికీ ఒకటే సూత్రం: ఉపగ్రహం దగ్గర ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండాలి, అందుకోసం మన దగ్గర పంపేదీ, వినేదీ రెండూ కదలాలి.

కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారి అందడమే డాప్లర్. ముందు దాని దిశ చూద్దాం. ఉపగ్రహం మనవైపు వస్తున్నంతసేపు దాని సిగ్నల్ అసలు ఫ్రీక్వెన్సీ కంటే పైన అందుతుంది, అందుకని రిసీవర్‌ను పైకి పెట్టాలి. మనం పంపేది కూడా దానికి పైనే అందుతుంది, అందుకని ట్రాన్స్‌మిటర్‌ను కిందికి పెట్టాలి. దాటిపోయాక రెండూ తారుమారు. అంటే పాస్ (ఉపగ్రహం మన ఆకాశం దాటే సమయం) మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా డౌన్‌లింక్ (మనం వినేది) కిందికి దిగుతూనే ఉంటుంది, అప్‌లింక్ (మనం పంపేది) పైకి ఎక్కుతూనే ఉంటుంది. మీ రెండు రేడియోలూ ఎదురెదురుగా కదలడం తప్పు కాదు, జిప్రెడిక్ట్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. దాన్ని ఆపి మళ్లీ చేత్తో సరిచేయబోతేనే లెక్క చెడుతుంది.

ఎంత అన్నది తేలిక లెక్క. ఉపగ్రహం మనవైపు సెకనుకు 1 కిలోమీటరు చొప్పున వస్తుంటే 437 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 1,460 హెర్ట్జ్, 146 దగ్గర 487 హెర్ట్జ్ జరుగుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్‌ఎస్) క్షితిజం దగ్గర ఉన్నప్పుడు ఆ వేగం 7 కిలోమీటర్ల దాకా ఉంటుంది కనుక పై బ్యాండులో 10 కిలోహెర్ట్జ్, కింది బ్యాండులో 3.4 కిలోహెర్ట్జ్. ఆర్‌ఎస్-44 కక్ష్య సుమారు 1,200 నుంచి 1,500 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ వేగం తక్కువ, కాబట్టి జరుగుడు కూడా 8.6, 2.9 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది.

ఇక ఎస్‌ఓ-50. అప్‌లింక్ 145.850 ఎఫ్‌ఎం, 67 హెర్ట్జ్ టోన్ (ఉపగ్రహాన్ని తెరవడానికి మాటతోపాటు పంపే స్వరం). దీన్ని ముట్టుకోకండి. 3 కిలోహెర్ట్జ్ తేడాను ఉపగ్రహంలోని ఎఫ్‌ఎం రిసీవర్ ఓర్చుకుంటుంది. డౌన్‌లింక్‌కు మాత్రం ఐదు మెమరీలు పెట్టుకోండి: 436.805, 436.800, 436.795, 436.790, 436.785. ఐదింటిలోనూ ట్రాన్స్‌మిట్ అదే 145.850. ఆరో మెమరీలో 74.4 హెర్ట్జ్ టోన్ పెట్టండి. ఉపగ్రహంలోని 10 నిమిషాల టైమర్ ఆగిపోయి ఉంటే, దానిమీద రెండు సెకన్లు పీటీటీ (పంపే బటన్) నొక్కితే మళ్లీ మొదలవుతుంది. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హోరును ఆపేది) పూర్తిగా తెరిచి ఉంచండి, బ్యాండ్‌విడ్త్ వైడ్‌లో పెట్టండి. నేరోలో పెడితే 2 కిలోహెర్ట్జ్ తేడాకే మాట గరగరమంటుంది.

నడినెత్తిన మాట ఎందుకు చెదురుతోందంటే, ఐదు మెమరీలకూ సమానంగా సమయం పంచుతున్నారు కాబట్టి. డాప్లర్ గీత సాఫీగా దిగదు, మధ్యలో ఒక్కసారిగా జారుతుంది. ఐఎస్‌ఎస్‌లోని రిపీటర్ (విన్నదాన్ని మళ్లీ పంపే రేడియో) ఉదాహరణ తీసుకుంటే ఇది బాగా తెలుస్తుంది (అప్‌లింక్ 145.990, టోన్ 67, డౌన్‌లింక్ 437.800). ఐఎస్‌ఎస్ 420 కిలోమీటర్ల ఎత్తున నేరుగా మన నెత్తిమీదుగా పోతే, శిఖరానికి (అది అన్నిటికంటే ఎత్తున కనిపించే క్షణానికి) 55 సెకన్ల ముందు వరకూ 437.810లోనే ఉండాలి. అక్కణ్ణుంచి 13 సెకన్ల ముందు దాకా 437.805. మధ్యలోని 437.800కు దక్కేది 26 సెకన్లే. తర్వాత 437.795 ఇంకో 40 సెకన్లు, మిగతా పాస్ అంతా 437.790. శిఖరానికి ముందు ఒక నిమిషం, వెనక ఒక నిమిషం, ఈ రెండు నిమిషాల్లోనే దాదాపు 16 కిలోహెర్ట్జ్ జరిగిపోతుంది. శిఖరం దగ్గర వేగం సెకనుకు 190 హెర్ట్జ్. ఎస్‌ఓ-50 ఇంకాస్త ఎత్తున ఉంటుంది కాబట్టి ఇంత తొందర లేదు, కానీ గీత ఆకారం ఇదే. గడియారం చూసి శిఖర సమయానికి రెండు నిమిషాల ముందు నుంచి వేలు మెమరీ బటన్ మీదే ఉంచండి. అలవాటు పడేదాకా ఉపగ్రహం క్షితిజం నుంచి 20, 30 డిగ్రీల ఎత్తు దాకే వచ్చే పాస్‌లు ఎంచుకోండి, వాటిలో జారుడు చాలా నెమ్మది. కాకపోతే విజయవాడలో ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండల పక్కన ఉండేవాళ్లకు తక్కువ ఎత్తు పాస్ సగం కొండ వెనకే అయిపోతుంది. ఉండవల్లి కరకట్ట లాంటి బయలు చోటు చూసుకోవాలి.

ఒక తేడా గుర్తు పెట్టుకోండి. మాట గట్టిగానే ఉండి అంచుల్లో పగులుతుంటే అది డాప్లర్. మాట తేటగానే ఉండి హోరులో మునిగిపోతుంటే అది పోలరైజేషన్ (రెండు యాంటెన్నాల వాలు కలవకపోవడం), అప్పుడు చేతిలోని యాగీ యాంటెన్నాను మణికట్టుతో పావు వంతు తిప్పండి, మెమరీ మార్చకండి. అప్‌లింక్ 70 సెంటీమీటర్లలో (435 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న పై బ్యాండులో) ఉన్న ఉపగ్రహాలకు పద్ధతి తిరగబడుతుంది. పిఒ-101 ఉపగ్రహంలో డౌన్‌లింక్ 145.900ను అలాగే ఉంచి, అప్‌లింక్‌నే 437.490 నుంచి 437.510 దాకా మెట్లుగా ఎక్కించాలి. చేత్తో ఒక్కటే తిప్పగలిగితే ఎప్పుడూ పై బ్యాండులో ఉన్నదాన్నే తిప్పాలి. 2005 మే 5న మన శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన హామ్ రేడియో ఉపగ్రహం హామ్‌శాట్‌లో కూడా అప్‌లింకే 435లో ఉండేది. 2014 దాకా దేశమంతా వాడుకున్న ఆ ఉపగ్రహం లాంటిది మళ్లీ రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆర్‌ఎస్-44లో ఉన్నది లీనియర్ ట్రాన్స్‌పాండర్, అంటే ఒక ఫ్రీక్వెన్సీ పట్టీ (పాస్‌బ్యాండ్) మొత్తాన్ని మరో బ్యాండులో తిరిగి పంపేది. పైగా తిరగేసేది, అంటే మనం పైకి జరిగితే అది కిందికి జరుగుతుంది. 145.935 నుంచి 145.995 మధ్య ఎల్‌ఎస్‌బీలో (కింది సైడ్‌బ్యాండ్) పంపితే 435.670 నుంచి 435.610 మధ్య యూఎస్‌బీలో (పై సైడ్‌బ్యాండ్) తిరిగి వస్తుంది. ఉపగ్రహం దగ్గరి రెండు ఫ్రీక్వెన్సీలూ కలిపితే ఎప్పుడూ 581.605కు అటూఇటూగా ఉంటుంది. ఉదాహరణకు ఉపగ్రహం సెకనుకు 5.5 కిలోమీటర్ల చొప్పున మనవైపు వస్తోందనుకోండి. మధ్య ఛానెల్ 145.965, 435.640. డౌన్‌లింక్ జరుగుడు 7,992 హెర్ట్జ్, అంటే రిసీవర్ 435.64799. అప్‌లింక్ జరుగుడు 2,678 హెర్ట్జ్, అంటే ట్రాన్స్‌మిటర్ 145.96232. ఈ రెండూ పెట్టి మాట్లాడితే మీ గొంతు అక్కడికి కిలోహెర్ట్జ్, రెండు కిలోహెర్ట్జ్ లోపే దొరకాలి. సవరణేమీ లేకుండా వెతికితే పాస్ మొదట్లో 5 కిలోహెర్ట్జ్ పైనే దూరంగా ఉంటుంది. మీకు దొరకకపోవడానికి అదొక కారణం.

రెండో కారణం రేడియో ఫ్రీక్వెన్సీని నిలిపే క్రిస్టల్. 435 మెగాహెర్ట్జ్ దగ్గర 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) అంటే 435 హెర్ట్జ్. ఆర్‌టిఎల్ డాంగిల్‌లో టీసీఎక్స్‌ఓ (వేడికి అంతగా చలించని క్రిస్టల్) లేకపోతే తేడా పదుల పీపీఎం ఉండొచ్చు, అప్పుడు ఎంత లెక్క వేసినా వృథా. కాబట్టి ముందు రిసీవర్‌ను సరిచేయండి. జిప్రెడిక్ట్‌లో డౌన్‌లింక్ 435.605 పెట్టి ట్రాక్ చేయిస్తే అక్కడ ఆర్‌ఎస్-44 సీడబ్ల్యూ బీకన్ (మోర్స్‌లో వచ్చే గుర్తింపు సిగ్నల్) ఉంటుంది. డాంగిల్‌ను నడిపే జిక్యూఆర్‌ఎక్స్ ప్రోగ్రామ్ వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లు గీతలుగా కనిపించే తెరలో) ఆ గీత మధ్య గుర్తు నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, అంత పీపీఎం సవరణ పెట్టండి. ఆ తర్వాతే ట్రాన్స్‌మిటర్. జిప్రెడిక్ట్‌లో అప్‌లింక్, డౌన్‌లింక్‌లను జతకట్టే ఎల్ బటన్ తాళం తీసి, పాస్‌బ్యాండ్‌లో ఖాళీ చోట మాట్లాడుతూ, మీ గొంతు సహజంగా వినిపించేదాకా అప్‌లింక్‌ను మాత్రమే కొద్దికొద్దిగా జరపండి. కుదిరాక ఎల్ నొక్కి, మీ గొంతు ఇంకా సరిగానే ఉందో లేదో చూసుకోండి. ఇక పాస్‌బ్యాండ్‌లో ఎటు తిరిగినా రెండూ జతగా కదులుతాయి. అప్‌లింక్‌ను ఎంత జరిపారో రాసిపెట్టుకోండి, ప్రతి ఉపగ్రహానికీ అది వేరు. ఎదుటివాళ్ల గొంతు జారినప్పుడల్లా అప్‌లింక్ తిప్పుతూ పోతే ఇద్దరూ ఒకరి వెంట ఒకరు పాస్‌బ్యాండ్ చివరికి వెళ్లి పక్కవాళ్ల మీద పడతారు.

జిప్రెడిక్ట్ అమరిక: జిక్యూఆర్‌ఎక్స్‌లో రిమోట్ కంట్రోల్ ఆన్ చేసి పోర్టు 7356తో రిసీవ్-ఓన్లీ రేడియోగా చేర్చండి. ఎఫ్‌టి-817కు, రేడియోను కంప్యూటర్‌తో నడిపించే హామ్‌లిబ్‌లో మోడల్ 1020తో రిగ్‌సీటీఎల్‌డీ ప్రోగ్రామ్ నడిపి, పోర్టు 4532తో ట్రాన్స్‌మిట్-ఓన్లీగా చేర్చండి. ట్రాన్స్‌పాండర్ వివరాల్లో ఇన్వర్ట్ అన్నది పెట్టి ఉందో లేదో తప్పకుండా చూడండి. ఎల్‌ఎస్‌బీ, యూఎస్‌బీలు చేత్తోనే పెట్టుకోవడం మేలు. ఎఫ్‌టి-817 పీటీటీ నొక్కి ఉన్నంతసేపు కంప్యూటర్ ఆదేశం తీసుకోదు, అయినా ఆర్‌ఎస్-44 అప్‌లింక్ శిఖరం దగ్గర కూడా సెకనుకు 15 హెర్ట్జే జరుగుతుంది. పది సెకన్లకోసారి పీటీటీ వదిలితే చాలు.

మూడో కారణం చాలామంది పట్టించుకోరు. 145.965ను మూడుతో గుణిస్తే 437.895. మీ ట్రాన్స్‌మిటర్ మూడో హార్మోనిక్ నేరుగా 70 సెంటీమీటర్లలోనే పడుతుంది, డాంగిల్ ఫ్రంట్-ఎండ్ (సిగ్నల్ మొదట అందే భాగం) మూగబోతుంది. పీటీటీ నొక్కగానే వాటర్‌ఫాల్ అంతా మసకబారితే జబ్బు ఇదే. 2 మీటర్ల (145 మెగాహెర్ట్జ్) వైపు లో-పాస్ ఫిల్టర్, డాంగిల్ ముందు 435 బ్యాండ్-పాస్ ఫిల్టర్ లేదా డైప్లెక్సర్ పెట్టండి. 5 వాట్లు, చేతి యాగీ చాలు. మీ సిగ్నల్ బీకన్ కంటే గట్టిగా వస్తుంటే పవర్ తగ్గించాలి. హెడ్‌ఫోన్ తప్పనిసరి, లేకపోతే స్పీకర్ శబ్దం మైకులోకి దూరి కూత పెడుతుంది. ఎస్‌డిఆర్‌లో మీ మాట కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది, దానికి తడబడకండి.

ఏఓ-7 అనే ఇంకో ఉపగ్రహం గురించి కూడా అడిగారు. దాని బీ మోడ్ అప్‌లింక్ 432.125 నుంచి మొదలవుతుంది, మన హామ్ లైసెన్సులో ఆ బ్యాండు 434 నుంచి 438. వినండి, పంపకండి.

కంప్యూటర్ గడియారం ఎన్‌టీపీతో (ఇంటర్నెట్ సమయంతో) కలిపి ఉంచండి. ఆర్‌ఎస్-44 శిఖరం దగ్గర 5 సెకన్ల తప్పుకు 230 హెర్ట్జ్ పోతుంది. టీఎల్‌ఈ (కక్ష్య వివరాల ఫైలు) ఆర్‌ఎస్-44కు వారం పాతదైనా ఫర్వాలేదు, ఐఎస్‌ఎస్‌కు మాత్రం కక్ష్య పెంచుతుంటారు కాబట్టి రోజూ దించుకోవాలి. మీ జిప్రెడిక్ట్‌లో విజయవాడ అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయన్నారు. గుంటూరుకు 16.30, 80.44 పెట్టండి. హామ్‌లు చోటు చెప్పడానికి వాడే గ్రిడ్ గుర్తు రెండు ఊళ్లకూ ఎన్‌కే06 అయినా, ఆ 30 కిలోమీటర్ల తేడాకు ఎస్‌ఎస్‌బీలో (ఎల్‌ఎస్‌బీ, యూఎస్‌బీల ఉమ్మడి పేరు) 150, 200 హెర్ట్జ్ తప్పు వచ్చి గొంతు మారిపోతుంది. మే నెల ఎండలో మేడ మీద రేడియో పెడితే డాంగిల్ వేడెక్కేకొద్దీ జరుగుతుంది. పావుగంట ముందే ఆన్ చేసి నీడలో ఉంచి, పాస్ మొదలవగానే బీకన్ దగ్గర పీపీఎం ఒకసారి సరిచూసుకున్నాకే పీటీటీ నొక్కండి.